ఒకే ఇంట్లో మూడు తరాలకి మూడు రకాల పళ్ళు ఎందుకు?

గజపతి_ఆడపడుచు (పర్లాకిమిడి, ఒడిశా)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మా ఇంట్లో అమ్మమ్మ, అమ్మ, నా కూతురు, ముగ్గురి నోళ్ళూ మూడు రకాలుగా ఉన్నాయి, ఎంత ఆలోచించినా లెక్క కుదరడం లేదు.

అమ్మమ్మకి డెబ్భై దాటాయి. జన్మలో బ్రష్ పట్టుకోలేదు. పందుంపుల్ల, అది లేకపోతే పొయ్యిలో బొగ్గు. పళ్ళు నల్లబడి అరిగిపోయాయి గానీ ఒక్కటీ పుచ్చలేదు, వేరుశనక్కాయ ఇప్పటికీ పళ్ళతోనే ఒలుస్తుంది. కాకపోతే అడ్డచుట్ట, అంటే కాలే కొస నోట్లో పెట్టుకుని తాగే చుట్ట, తాగుతుంది. అమ్మ పొద్దున లేవగానే గుడాకు (పళ్ళకి రాసుకునే పొగాకు ముద్ద) పెట్టుకుని అరగంట అలా కూర్చోవాల్సిందే, లేకపోతే కడుపు కదలదంటుంది. చిగుళ్ళు కిందికి దిగిపోయి ముందు పళ్ళు ఊగుతున్నాయి. ఇక నా కూతురికి ఐదేళ్ళు. రోజూ నేనే దగ్గరుండి బ్రష్ చేయిస్తాను. అయినా పైన ముందు పళ్ళు నాలుగూ పుచ్చిపోయి చిగుళ్ళ దాకా వచ్చేశాయి, కింద ముందు పళ్ళు బాగున్నాయి గానీ దవడ పళ్ళలో గుంతలు. రాత్రిళ్ళు ఏడుస్తుంది. ఇక్కడ ఒకాయనకి చూపిస్తే "పాల పళ్ళే కదమ్మా, ఊడిపోతాయి" అని సిరప్ రాసి పంపేశారు.

బ్రష్ చేసే పిల్లకి పుచ్చుపళ్ళు, చెయ్యని ముసలామెకి ఏమీ లేదు. ఇదేం న్యాయం?

బరంపురం_మావయ్య

అమ్మాయీ, నీ ప్రశ్నలోనే జవాబుంది. వేప పుల్ల, కానుగ పుల్ల, ఉత్తరేణి వేరు వదిలేసి ట్యూబులు పట్టుకున్నప్పటి నుంచే ఈ తిప్పలు. మా నాన్నగారు ఎనభై రెండేళ్ళు బతికారు, ముప్ఫై రెండు పళ్ళతోనే పోయారు. ఇదంతా పేస్టు కంపెనీల వ్యాపారం.

సిరొంచ_కుర్రోడు

మావయ్యా, మా తాతకి కూడా వేప పుల్లే, నలభై ఐదుకే కట్టుడు పళ్ళు. మరి దానికేమంటారు 😀

దంతాల_డాక్టరమ్మ (శ్రీకాకుళం)

ఆడపడుచు గారూ, ముందు పాప సంగతి. పాల పళ్ళు ఊడిపోతాయి నిజమే గానీ దవడ పాలపళ్ళు పదకొండు, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అంటే మీ పాప ఇంకో ఆరేడేళ్ళు వాటితోనే నమలాలి. రాత్రిపూట నొప్పి వస్తోందంటే పుచ్చు నరం దాకా వెళ్ళి ఉంటుంది, సిరప్‌తో తగ్గేది కాదు. పిల్లల పళ్ళు చూసే డాక్టరుకి ఈ వారంలోనే చూపించండి.

ఎందుకొచ్చింది అంటే, పన్ను పుచ్చడానికి పురుగు అక్కర్లేదు. నోట్లో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరని తిని ఆమ్లం వదుల్తాయి. తిన్న కొద్ది నిమిషాల్లోనే ఇది మొదలవుతుంది. నోట్లో పీహెచ్ (ఆమ్లం కొలత, ఇది తగ్గితే ఆమ్లం ఎక్కువైందని) దాదాపు 5.5 కన్నా దిగితే పన్ను పైపొర కరగడం మొదలు. లాలాజలం దాన్ని మళ్ళీ సరిచేస్తుంది, కానీ దానికి అరగంటో గంటో టైమ్ కావాలి. ఆ టైమ్ ఇవ్వకుండా మళ్ళీ ఒక బిస్కెట్, మళ్ళీ ఒక చాక్లెట్ పడితే రోజంతా కరుగుతూనే ఉంటుంది. అందుకే ఎంత తీపి తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారు, అది పంటికి ఎంతసేపు అంటుకుని ఉంది అన్నదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. ఇది స్వీడన్‌లో విపెహోల్మ్ అనే చోట 1945 నుంచి కొన్నేళ్ళు చేసిన పరిశీలనలో తేలింది. భోజనంతోపాటు తీపి తిన్నవాళ్ళకి పెద్దగా ఏమీ కాలేదు, భోజనాల మధ్యలో టాఫీలు నమిలినవాళ్ళ పళ్ళు నాశనమయ్యాయి. అది మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ మీద, వాళ్ళ ఒప్పుకోలు లేకుండా చేసిన పని. అందులో తెలిసిన సంగతి వాడుకుంటాం గానీ ఆ పద్ధతిని మాత్రం ఎవరూ సమర్థించరు.

మీరు చెప్పిన గుర్తు, పైన ముందు పళ్ళు నాలుగూ పోయి కింద ముందు పళ్ళు బాగుండటం, సీసా పాలతో నిద్రపోయే పిల్లల్లో చూస్తాం. కింద పళ్ళని నాలుక కాపాడుతుంది. పాపకి సీసా అలవాటు ఉండేదా?

గజపతి_ఆడపడుచు

ఉండేది డాక్టరమ్మా. మూడేళ్ళ దాకా పంచదార వేసిన పాల సీసా నోట్లో పెట్టుకునే పడుకునేది. ఇప్పుడు అది లేదు గానీ అంగన్‌వాడీ నుంచి వచ్చాక బిస్కెట్లు, వాళ్ళ తాతయ్య చాక్లెట్లు...

జైపూర్_కిరాణా

ఒడిశా జైపూర్‌లో కొట్టువాడిగా నేనొక మాట చెప్పనా. పదిహేనేళ్ళ కిందట మా కొట్లో పిల్లల సరుకంటే బెల్లం అచ్చు, మరమరాల ఉండ, అంతే. ఇప్పుడు గుమ్మం ముందు వేలాడేవన్నీ ఐదు రూపాయల ప్యాకెట్లే. కొండ మీది ఊళ్ళ నుంచి సంతకి వచ్చేవాళ్ళు కూడా పిల్లకి అవే కొనిపెడతారు, చౌక కదా, ఏడుపు ఆపుతుంది. చిల్లర లేకపోతే మేమే చాక్లెట్ చేతిలో పెడతాం. తప్పో ఒప్పో నాకు తెలీదు, అందరూ అదే చేస్తారు. ఇంకొకటి, ఇంతకుముందు కొండవాళ్ళ ఇళ్ళలో పొద్దునా మధ్యాహ్నం చోడి (రాగి) అంబలే. ఇప్పుడు పొద్దున్నే పంచదార టీ, అందులో ముంచిన బిస్కెట్. సంతలో పళ్ళు పీకేవాడి దగ్గర కూర్చున్నవాళ్ళని చూస్తే ముసలివాళ్ళకన్నా కుర్రాళ్ళే ఎక్కువ.

దంతాల_డాక్టరమ్మ

కిరాణా గారూ, మీరు చూసింది లోకమంతా జరిగిందే. దక్షిణ అట్లాంటిక్‌లో ట్రిస్టన్ డ కున్హా అని ఒంటరి ద్వీపం ఉంది. 1930ల్లో డాక్టర్లు వెళ్ళి చూస్తే చేపలు, బంగాళాదుంపలు తిని బతికే ఆ జనానికి పుచ్చుపళ్ళు దాదాపు లేవు. తర్వాత ఓడల మీద చక్కెర, మైదా, తీపి సరుకు రావడం పెరిగింది, పిల్లల పళ్ళు పోయాయి. ఉల్టాగా రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర కరువైనప్పుడు నార్వే, జపాన్ పిల్లల్లో పుచ్చుపళ్ళు తగ్గాయి. వాళ్ళేమీ అప్పుడు కొత్తగా బ్రష్‌లు కొనుక్కోలేదు.

మావయ్య గారూ, మీ నాన్నగారిని కాపాడింది వేప పుల్ల ఒక్కటే కాకపోవచ్చు. ఆయన రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి క్రీమ్ బిస్కెట్ లేదు. ఇంకో సంగతి, ఆ కాలంలో పళ్ళన్నీ ఊడి బోసినోటితో పోయినవాళ్ళూ చాలామందే ఉన్నారు, మనకి గుర్తుండేది గట్టి పళ్ళవాళ్ళే.

బరంపురం_మావయ్య

సరేనమ్మా, తీపి సంగతి ఒప్పుకుంటా. మరి అమెరికావాళ్ళు మనకన్నా ఎక్కువ చక్కెర తింటారు, వాళ్ళ పళ్ళు సినిమాల్లో మెరుస్తుంటాయే?

దంతాల_డాక్టరమ్మ

మంచి ప్రశ్న. అక్కడ 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో మొదలుపెట్టి చాలా ఊళ్ళలో తాగునీటిలో కొద్దిగా ఫ్లోరైడ్ కలిపారు. 1970ల నుంచి ఫ్లోరైడ్ పేస్టు ఇంటింటికీ చేరింది. పన్ను కరుగుతున్న చోటే ఫ్లోరైడ్ మళ్ళీ గట్టిపరుస్తుంది, అందుకే చక్కెర పెద్దగా తగ్గకపోయినా పుచ్చు తగ్గింది. పైగా పుచ్చిన పన్నుకి వెంటనే ఫిల్లింగ్ చేయించుకునే డబ్బు, డాక్టరు ఉన్నాయి. అక్కడ కూడా పేదవాళ్ళ పేటల్లో పిల్లల నోళ్ళు చూస్తే సినిమా పళ్ళు కనపడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో నోటి జబ్బులున్నవాళ్ళు దాదాపు 350 కోట్లమంది అని రాశారు, ప్రతి నలుగురిలో ముగ్గురు మనలాంటి మధ్యాదాయ దేశాలవాళ్ళే. ప్యాకెట్లు మనదాకా తొందరగా వచ్చేశాయి, డాక్టర్లు రాలేదు.

రాజురా_మాస్టారు (చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మీరు అది మంచిదంటున్నారు, మా తాలూకాలో అదే శాపం. నేను బడి చెప్పే ఊళ్ళో పిల్లల పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, కొందరికి గుంటలు పడి సుద్దముక్కలా తెల్లగా ఉంటాయి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఒకాయన పిల్లలందరి ముందే "మీ ఊళ్ళో పళ్ళు తోముకోరా?" అని అడిగాడు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి ఆ రోజు నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతుంది. పెళ్ళిచూపుల్లో పళ్ళు చూసే ఊరు పేరు చెప్పేస్తారు. పిల్లలకి ఏ పేస్టు వాడమనాలి?

దంతాల_డాక్టరమ్మ

మాస్టారూ, ఆ అమ్మాయికి చెప్పండి, ఎంత తోమినా ఆ మరక పోదు, అది పన్ను తయారవుతున్నప్పుడే లోపల పడిన మరక. సుమారు ఎనిమిదేళ్ళలోపు తాగిన నీటి వల్ల వస్తుంది. ఆ తర్వాత ఊరు మారినా, నీళ్ళు మారినా ఉన్న మరక ఉంటుంది. పెద్దయ్యాక డాక్టరు పై నుంచి పూత వేసి చాలావరకు కప్పేయగలరు.

మందు ఎక్కువైతే విషమయ్యే సంగతే ఇదీ. మన తాగునీటి ప్రమాణంలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా పర్వాలేదు, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా. అంతకు మించితే పళ్ళు, ఇంకా పెరిగితే ఎముకలు. మన దేశంలో దీన్ని మొదట 1937లో రాసిపెట్టింది ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు ఊళ్ళ గురించే, తర్వాత నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని తయారుచేసింది మీ నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్ళే. ఒక జాగ్రత్త, నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. లోతు బోరు కన్నా పాత దిగుడు బావి, వాన నీళ్ళు చాలాచోట్ల నయం, కానీ పరీక్ష చేయించకుండా ఏ నీళ్ళనీ నమ్మొద్దు.

పేస్టుకి భయపడక్కర్లేదు. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, మింగకుండా ఉమ్మించాలి. ముందు సరిచేయాల్సింది నీళ్ళు.

రాజురా_మాస్టారు

బోర్ల పరీక్ష కాగితాలు గ్రామపంచాయతీలో ఉన్నాయి, నేను చూశాను. మరాఠీలో "పిణ్యాస అయోగ్య" (తాగడానికి పనికిరాదు) అని ఎర్ర రంగు కూడా వేశారు పంపు మీద. అయినా అదే పంపు దగ్గర బిందెల వరస, ఎందుకంటే రెండో పంపు ఊరి అవతల. నలభై డిగ్రీల ఎండలో ఎర్ర రంగు ఎవడు చూస్తాడండీ.

సిరొంచ_కుర్రోడు

మా వైపు నీళ్ళ కన్నా ఖర్రా గురించి మాట్లాడాలి మాస్టారూ. గడ్చిరోలిలో అది తినని మగాడిని చూపిస్తే నేను పార్టీ ఇస్తా. వక్క ముక్కలు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేత్తో రుద్ది రుద్ది పొట్లం కట్టి ఇస్తాడు. రాష్ట్రంలో గుట్కా బంద్ అయింది 2012లో. బంద్ అయ్యాక ఎవరూ మానలేదు, రుద్దుకోవడం మొదలుపెట్టారు. అవతలి ఒడ్డు కాళేశ్వరం నుంచి చుట్టాలొస్తే వాళ్ళకీ మర్యాదగా ఒక పొట్లం.

మా బావ వయసు ముప్ఫై ఒకటి. ముందు కూరలో కారం మండుతోందని అక్కని తిట్టేవాడు. తర్వాత పానీపూరీ నోట్లో పట్టడం లేదని నవ్వుకున్నాం. ఇప్పుడు చెంచా దూరదు, అన్నం గుజ్జు చేసి తింటున్నాడు. బుగ్గ లోపల ముట్టుకుంటే తాడులా గట్టిగా తగులుతుంది.

దంతాల_డాక్టరమ్మ

దీని పేరు సబ్ మ్యూకస్ ఫైబ్రోసిస్. బుగ్గ లోపలి మెత్తటి పొర కింద మచ్చ కట్టి బిగుసుకుపోతుంది. దీనికి అసలు కారణం వక్క, పొగాకు లేకపోయినా వస్తుంది. "నేను పొగాకు వెయ్యను, వట్టి వక్కపొడే" అనేవాళ్ళు చదవండి. వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. బిగుసుకున్నది పూర్తిగా వెనక్కి రాదు, మానేస్తే ముదరడం ఆగుతుంది, వ్యాయామాలు, ఇంజెక్షన్లు, మరీ ముదిరితే ఆపరేషన్. కొందరికి ఇదే క్యాన్సర్‌గా మారుతుంది కాబట్టి మీ బావని నాగపూర్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి తీసుకెళ్ళండి.

అందరూ ఇప్పుడే చేసి చూడండి: చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు కలిపి నిలువుగా నోట్లో పెట్టండి. మూడూ పట్టాలి.

సిరొంచ_కుర్రోడు

నాకు మూడూ పట్టాయి. బావకి ఒకటే. మా వైపు పొగాకు, సారా మాన్పించే ముక్తిపథ్‌వాళ్ళు ఊరూరా తిరుగుతారు, డాక్టర్ అభయ్ బంగ్ గారి సెర్చ్ సంస్థ చేసేది. కొన్ని ఊళ్ళు తీర్మానం చేసుకుని ఖర్రా కొట్లు మూయించాయి కూడా. మా ఊరు ఇంకా తీర్మానం దగ్గరికి రాలేదు, సర్పంచ్ జేబులోనే పొట్లం ఉంటుంది.

రాయగడ_ఆశాదీదీ

మా ఒడిశా సంగతి ఇంకా ఘోరం అన్నా. 2016-17 పొగాకు సర్వేలో ఒడిశాలో పెద్దవాళ్ళలో 45.6 శాతం ఏదో ఒక రకం పొగాకు వాడుతున్నారని వచ్చింది. ఆంధ్రాలో 20, తెలంగాణలో 17.8, మీ మహారాష్ట్రలో 26.6. మా దగ్గర ఎక్కువ నోట్లో పెట్టుకునేదే. మీటింగులో మాకు చెప్పమంటారు, మేము చెప్తాం, నేను చెప్పే ఇంటి ఆడవాళ్ళు వింటూనే గుడాకు డబ్బా మూత తీస్తారు.

గుడాకుని ఎవరూ పొగాకు అనుకోరు, అదే గొడవ. పళ్ళు తోముకునేదే కదా అంటారు. చిన్న డబ్బా, నల్లటి ముద్ద, బెల్లం మడ్డి వాసన. చెరువు గట్టు మీద వరసగా కూర్చుని చూపుడు వేలితో చిగుళ్ళ మీద రాసుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు, తల తిరిగినట్టయితేనే పని చేసినట్టు. పొద్దున్నే ఆడవాళ్ళకి దొరికే కాస్త తీరిక అదొక్కటే, దాన్ని తీసేయమంటే నన్నే శత్రువులా చూస్తారు. కడుపుతో ఉన్నవాళ్ళు కూడా వాడతారు. పంటి నొప్పికీ అదే రాస్తారు, తిమ్మిరెక్కి కాసేపు తెలీదు కదా. ఇంకా పోస్టర్లన్నీ ఒడియాలో, మా తెలుగు ముసలమ్మలకి ఏ అక్షరమూ రాదు, బొమ్మలు చూసి "ఎవడో పాపం" అని పోతారు.

దంతాల_డాక్టరమ్మ

దీదీ చెప్పింది అక్షరాలా నిజం. పళ్ళపొడి, పేస్టుల్లో పొగాకు కలపకూడదని మన దేశంలో 1992 నుంచే నిషేధం ఉంది. వేరే పేరుతో డబ్బా కొట్లో దొరుకుతూనే ఉంది. ఆడపడుచు గారి అమ్మగారికి చిగుళ్ళు దిగిపోవడానికి ఇదొక పెద్ద కారణం అయ్యుంటుంది. ఆవిడకి షుగర్ పరీక్ష కూడా చేయించండి, చిగుళ్ళ జబ్బు, షుగర్ ఒకదాన్నొకటి పెంచుతాయి. "గార (పళ్ళకి గట్టిగా పట్టిన పాచి) తీయిస్తే పళ్ళు కదిలిపోతాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి. కదిలే పంటిని గారే పట్టి ఉంచుతుంటుంది, తీశాక కదలిక బయటపడుతుంది, అంతే.

జైపూర్_కిరాణా

నేను గుడాకు అమ్ముతాను. దాచేదేముంది. మానేస్తే ఎదుటి కొట్టువాడు అమ్ముతాడు, గుడాకు కోసం వెళ్ళినామె బియ్యం, నూనె కూడా అక్కడే కొంటుంది. చిల్లరకి చాక్లెట్ ఇవ్వడం మాత్రం ఆపగలను, అది నా చేతిలో పని. అగ్గిపెట్టె ఇస్తా.

బరంపురం_మావయ్య

సంతలో పళ్ళు పీకేవాడి గురించి ఎవరూ మాట్లాడరేం? నా చిన్నప్పుడు నేలములక గింజల పొగ పట్టి "ఇదిగో పురుగు" అని చూపించేవాడు. ఇప్పుడు అదే మనిషి కొడుకు గులాబీ రంగు పొడి కలిపి పళ్ళ మధ్య ముద్ద పెట్టి అతికించేస్తున్నాడు, డాక్టరు అడిగే దాంట్లో పదో వంతు. మా వీధిలో ఒకామెకి ఆ ముద్ద కింద చీము పట్టి దవడ వాచింది. పోనీ డాక్టరు దగ్గరికి పొమ్మందామా అంటే పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయని భయం.

దంతాల_డాక్టరమ్మ

పై పంటి నరానికీ చూపుకీ సంబంధం లేదు మావయ్య గారూ. ఆ గులాబీ ముద్ద గట్టిపడ్డాక మేం కోసి తీయాలి, పక్కనున్న మంచి పళ్ళు కూడా పోతాయి. కానీ జనాన్ని తప్పుపట్టలేను. దేశంలో 300కి పైగా డెంటల్ కాలేజీలున్నాయి, డాక్టర్లంతా పట్నాల్లోనే. మల్కనగిరి కొండల్లో మనిషికి సంత వారానికోసారి ఊరి దగ్గరికే వస్తుంది, డాక్టరు రాడు.

ఆడపడుచు గారూ, ఇందాకటి నుంచి ఒకటి అడగాలనుకుంటున్నా. మీ అమ్మమ్మ నోటి పైకప్పు, అంగిలి, ఎవరైనా చూశారా? అడ్డచుట్ట అంటే కాలే కొస లోపల ఉంటుంది. మా శ్రీకాకుళం, మీ గంజాం వైపు ముసలమ్మలకి అంగిలి మీద క్యాన్సర్ రావడానికి అదే కారణం, మిగతా చోట్ల అక్కడ రావడం బాగా అరుదు. పళ్ళు గట్టిగా ఉన్నాయని నోరు బాగున్నట్టు కాదు. ఫోన్ టార్చ్ వేసి చూడండి.

గజపతి_ఆడపడుచు

చూశాను. ముందు "నా నోట్లో నీకేం పని" అని కసిరింది, పాపని ఒళ్ళో కూర్చోబెడితే నోరు తెరిచింది. అంగిలంతా తెల్లగా మందంగా ఉంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఎడమ పక్క వెనకాల పావలా బిళ్ళంత చోట తోలు ఊడినట్టు ఎర్రగా ఉంది. నొప్పి ఉందా అంటే లేదంది. ఎన్నాళ్ళ నుంచి అంటే "ఉందేమో" అంది. నాకు భయంగా ఉంది.

దంతాల_డాక్టరమ్మ

కంగారు పడకండి, ఆలస్యం కూడా చేయకండి. తెల్లటి మందం, ఎర్ర చుక్కలు చుట్ట తాగేవాళ్ళలో మామూలే, చుట్ట మానితే చాలావరకు తగ్గుతాయి. ఆ ఎర్రటి చోట మాత్రం చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. రెండు వారాల్లో మానని పుండు, ఎర్ర మచ్చ ఏదైనా సరే, నొప్పి లేకపోయినా చూపించాల్సిందే. బరంపురం మెడికల్ కాలేజీ అయినా సరే, మీకు శ్రీకాకుళం దగ్గరైతే ఇక్కడికి రండి. పాపని కూడా అదే రోజు తెండి.

రాయగడ_ఆశాదీదీ

కార్డు సంగతి చూసుకోండి అక్కా. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఒడిశా రేషన్ కార్డుకి నడవదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఆ పథకంలో ఉన్న ఆసుపత్రిలో వేరే రాష్ట్రంలోనైనా చెల్లుతుంది, కానీ వెళ్ళేముందు ఆ ఆసుపత్రి డెస్కులో అడగండి. మామూలు పళ్ళ పనికి ఏ కార్డూ ఉపయోగపడదు, క్యాన్సర్ వైద్యానికైతే ఉపయోగపడుతుంది. ఆధార్ మర్చిపోవద్దు. మీ అమ్మగారికి గుడాకు మానడానికి 1800-11-2356, పైసా ఖర్చు లేని నంబరు.

గజపతి_ఆడపడుచు

థాంక్స్ దీదీ. గురువారం శ్రీకాకుళమే వస్తున్నాం, నలుగురమూ. అమ్మ వస్తానంది గానీ డబ్బా చీర కొంగులో కట్టుకుని వస్తుంది, నాకు తెలుసు. అమ్మమ్మ అయితే బస్సెక్కాలంటే చుట్టల కట్ట సంచిలో ఉండాల్సిందే అని తెగేసి చెప్పింది. ఏం చెయ్యమంటారు?

దంతాల_డాక్టరమ్మ

తెచ్చుకోనివ్వండి. రోజుకి ఎన్ని తాగుతారో నోటి లెక్క కన్నా కట్ట చూస్తేనే నాకు బాగా తెలుస్తుంది. తొమ్మిదిలోపు ఓపీ చీటీ తీసుకోండి, పది దాటితే లైను గేటు దాకా వస్తుంది.